పీఠం వెనక కిటికీ

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తింది నేనే. పాప రక్తపరీక్ష గురించి, తల్లితోనే మాట్లాడాలంది అవతల నర్సు. నేను పాప తాతనని చెప్పాను. తాతలకు చెప్పకూడదట. ఆ ఇంటికి పన్ను కట్టేది నేను, పొద్దున్నే ఆ పిల్లకు పాలలో రొట్టె ముంచి పెట్టేది నేను. కబురు వినడానికి మాత్రం పనికిరాను. ఫోన్ పెట్టేసి పనికి పోయాను.

సాయంత్రం నా కూతురు నేలియా వృద్ధాశ్రమంలో వేసుకునే ఆయా డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా వంటింట్లో నిలబడి చెప్పింది.

"సీసం, నాన్నా. ఇనేష్ రక్తంలో సీసం ఉందట. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువట."

"సీసం ఎక్కణ్ణుంచి వస్తుందే? మనమేమన్నా బ్యాటరీలు తింటున్నామా?"

"కిటికీల్లోంచి. పాత రంగులో ఉంటుందట. కిటికీ పైకీ కిందికీ లాగినప్పుడల్లా ఆ రంగు అరిగి దుమ్ములా పొడి రాలుతుంది. అది పిల్ల చేతికి అంటుకుంటుంది, చెయ్యి నోట్లోకి పోతుంది."

మా ఇల్లు మూడంతస్తుల చెక్క ఇల్లు. ఈ మిల్లుల ఊళ్ళో సగం ఇళ్ళు అలాంటివే. కింద నేనూ మా అమ్మా, పైన నేలియా, దాని కూతురు ఇనేష్. ఆపైన ఎవరూ లేరు, ఆ మెట్లు ఎక్కగలిగినవాడు అద్దెకు దొరకలేదు. సముద్రం అవతలి సావ్ మిగెల్ దీవి నుంచి ఈ దేశం వచ్చిన కొత్తలో మిల్లు జీతంతో మా నాన్న కొన్నాడు దాన్ని. ఆ ఇంటికోసమే నన్ను బడి మాన్పించి మగ్గాల మధ్య నిలబెట్టాడు. నేను చదువుకోకుండా కొన్న కిటికీలవి. ఇప్పుడవి నా మనవరాలిని తింటున్నాయి.

ఇనేష్‌కు రెండేళ్ళు దాటాయి. పాలు, కుక్క, అవ్వ అనే మాటలు తప్ప నాలుక తిరగలేదు. మా వంశంలో మగాళ్ళకు మాటలు ఆలస్యమని అమ్మ సర్దిచెబుతూ ఉండేది. ఇది మగాడు కాదు కదా నానమ్మా అని నేలియా అంటే, "మగాడి మొండితనం వచ్చింది, మాటలు కూడా అంతే" అనేది. ఆ రోజు మాత్రం అలా అనలేదు.

పగలంతా పాప అమ్మ దగ్గరే. ముందు గదిలో వీధి కిటికీ దగ్గర నిలబడి చెత్త బండి కోసం చూస్తుంది. బండి రాకపోతే కిటికీ చట్టాన్ని కొరుకుతుంది. నేలియా మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెక్క మీద చెయ్యి వేసి తడిమింది. పాల పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి, ఎలుక కొరికినట్టు.

"తియ్యగా ఉంటుందట ఆ రంగు," అంది నావైపు తిరగకుండా.

అమ్మకు అర్థమైంది ఒకటే మాట, దుమ్ము.

"మా ఇంట్లో దుమ్మా? నేను తుడిచిన నేల మీద పడిన మెతుకుని మా మామగారు ఏరుకుని తినేవాడు. ఆ నర్సు వచ్చి నా నేల మీద వేలు పెట్టి చూడమను."

"నీ నేల గురించి కాదు, నానమ్మా."

"దుమ్మంటే మరెవరి గురించి?"

తరవాతి వారం నేలియా ఒక కబురు తెచ్చింది. చిన్నపిల్లలుండి సంపాదన తక్కువగా ఉన్న ఇళ్ళకు నగరం వాళ్ళు డబ్బిస్తారట. కిటికీలన్నీ పీకి కొత్తవి పెడతారట. కొన్నేళ్ళపాటు ఆ ఇంట్లోనే ఉంటే ఆ డబ్బు తిరిగి కట్టక్కర్లేదట.

"నగరం మనకు ఇప్పటిదాకా ఇచ్చిందేమిటి, కోర్టు జ్యూరీలో కూర్చోమని పిలుపు తప్ప?" అన్నాను.

"నీ దగ్గరుందా, కిటికీలు మార్చేంత?"

నా దగ్గర లేదు. మిల్లు మూసేశాక గోడౌన్‌లో అట్టపెట్టెలు ఎత్తేవాడి దగ్గర ఏముంటుంది, నడుం నొప్పి తప్ప. సంతకం పెట్టాను.

మే నెల మధ్యలో ఇల్లు చూడటానికి మనిషి వస్తుందని చెప్పారు. ఒక్కటే మాట గట్టిగా చెప్పారట. ఆమె వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దు. నేలియా ఆ మాటను అమ్మకు రెండుసార్లు చెప్పింది. అమ్మ రెండుసార్లూ తల ఊపింది.

ఆ సంవత్సరం కిరీటం మా ఇంటికి వస్తోంది. ఈస్టర్‌కూ ఏడు వారాల తరవాతి పెంతెకోస్తు పండక్కూ మధ్య వారానికొక ఇంట్లో పవిత్రాత్మ కిరీటాన్ని ఉంచుకుంటారు మా వాళ్ళు. ఎవరి ఇంటికన్నది చీట్లు తీసి తేలుస్తారు. అమ్మ ఈ దేశం వచ్చిన ఏటి నుంచీ చీటీ వేస్తూనే ఉంది. నాన్న బతికుండగా రాలేదు. అమ్మ మోకాళ్ళు బాగున్నప్పుడు రాలేదు. ఈసారి వచ్చింది. వెండి కిరీటం, దాని మీద పావురం. వారంపాటు రోజూ సాయంత్రం వీధివీధంతా వచ్చి జపమాల చెప్పి, తిని, తాగి పోతారు. ఆదివారం ఇంటి పెద్ద తన చేతులతో పీఠం మీద పెట్టిన కిరీటాన్ని మళ్ళీ ఆదివారం దాకా ఎవరూ కదపకూడదు. కదిపితే ఆ ఇంట్లో కిరీటం నిలవలేదంటారు. పెళ్ళి చెడిన ఇంటి గురించి చెప్పినట్టు, గొంతు తగ్గించి అంటారు ఆ మాట.

ఆ వారంలోనే పడింది, మనిషి ఇల్లు చూడటానికి వచ్చే తారీఖు కూడా.

శుక్రవారం మా చర్చి సంఘం ఆడవాళ్ళు వచ్చి ముందు గదిలో పీఠం కట్టారు. బీరు పెట్టెలు మెట్లుమెట్లుగా పేర్చి, తెల్ల సాటిన్ గుడ్డ కప్పి, కాగితం పూలు గుచ్చారు. కట్టింది సరిగ్గా వీధి కిటికీ ముందు.

"ఇక్కడేనా?" అన్నాను.

"ఎదురుగా దేవుడుంటే పిల్ల కిటికీ దగ్గరికి ఎలా పోతుంది?" అంది అమ్మ.

 నిజానికి నాకూ నగరం వాళ్ళ దారికంటే అదే బాగుందనిపించింది.

శనివారం గోడౌన్‌లో ఓవర్‌టైమ్ చేసి వచ్చేసరికి వీధిలోనే కొత్త రంగు వాసన కొట్టింది. సంఘం మగాళ్ళు మా ఇంటి చుట్టూ నిచ్చెనలు వేసి ఉన్నారు. సంఘం పెద్ద ఎర్మీనియో ఒక చేత్తో బీరు సీసా, ఒక చేత్తో కుంచె పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. లోపలా బయటా కింద కిటికీలు, పైన కిటికీలు, తలుపుల చట్టాలు, వరండా రెయిలింగు, అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి.

"నీ ఇల్లు పెళ్ళికూతురిలా ఉందిరా," అన్నాడు. "చూసుకో. కానీ గోడకు ఆనుకోకు."

నా వెనకే నేలియా వచ్చింది, చంకలో పాపతో. గేటు దగ్గరే ఆగిపోయింది. తరవాత లోపలికి, వంటింట్లో అమ్మ దగ్గరికి వెళ్ళి, నేను వెనకే రాగానే తలుపు మూసింది. ఎర్మీనియో తన బీరు సీసా వైపు చాలా శ్రద్ధగా చూసుకోవడం మొదలుపెట్టాడు.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"ముట్టుకోలేదు," అంది అమ్మ. "రంగేశాం."

"నానమ్మా."

"గీకలేదు, పీకలేదు. మీదనుంచి రంగేశాం. రాలుతోందని నువ్వే అన్నావు. ఇప్పుడు రాలట్లేదు. ఇల్లు చూడటానికి మనిషి వస్తుంటే పొట్టూడిన కిటికీలు చూపిస్తారా ఎవరైనా? పైగా ఈ వారం. నా ఇంటికి ఎవరొస్తున్నారో నీకు తెలుసా?"

"పొట్టూడిన కిటికీ చూస్తేనే వాళ్ళు డబ్బిచ్చేది."

అమ్మ నవ్వింది. తనతో వేళాకోళం ఆడుతోందనుకుంది. నేలియా మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"మురికి చూపిస్తే డబ్బిస్తారా? అదేం దేశమే?"

నేలియా పైకెళ్ళి పాప బట్టలు ఒక సంచిలో సర్దుకుని వచ్చింది. వృద్ధాశ్రమంలో తనతో పనిచేసే బ్రెజిల్ అమ్మాయి ఉంది. పగటిపూట పాపను ఆవిడ తల్లి దగ్గర వదులుతానని చెప్పింది. నాకు చెప్పింది, అమ్మకు కాదు.

ఆదివారం కిరీటం వచ్చింది. బ్యాండు మేళం, జెండా, తెల్లగౌన్ల పిల్లలు. అమ్మ ఎర్మీనియో చేతుల్లోంచి కిరీటాన్ని అందుకుని పీఠం మీద పెట్టింది.  గదంతా పూల వాసన, రంగు వాసన, మనుషుల వాసన. కళ్ళనీళ్ళు పెట్టుకోనిది నేనొక్కణ్ణే. నేలియా తలుపు దగ్గర నిలబడి చూసి, పాపను తీసుకుని పైకి పోయింది. ఆ రోజు కోసం అమ్మ ఇన్నేళ్ళు కాచుకుంది. ఆ సాయంత్రం ఆమె కళ్ళు మాత్రం మాటిమాటికీ మెట్లవైపే పోయాయి.

బుధవారం పొద్దున మనిషి వచ్చింది. పేరు బూషే. యాభై ఏళ్ళ మనిషి, నాలాగే నడుం పట్టుకుని మెట్లెక్కింది. చేతిలో తుపాకీలాంటి యంత్రం. దాన్ని గోడకు ఆనిస్తే కింద ఎన్ని పొరలున్నా సీసం ఉందో లేదో చెబుతుంది. నేలియా ఆ పూట సెలవు పెట్టింది. పాప దాని చంకలోనే ఉంది. నేను వాళ్ళ వెనక తిరిగాను.

వంటింటి కిటికీ దగ్గర యంత్రం కూసింది. పడకగది కిటికీ దగ్గర కూసింది. పైకెళ్ళినా అదే కూత. బూషే ప్రతి చట్టం మీదా వేలు రాసి చూసి నిట్టూర్చింది.

"ఎప్పుడు వేశారు ఈ రంగు?"

"శనివారం," అంది నేలియా.

"మాకు ఫోన్ చేశాకా?"

"మా నానమ్మ..." అని ఆగింది నేలియా. "ఇంట్లో పూజ ఉంది."

బూషే మెట్ల మీద కూర్చుంది. "చూడండి, కింద సీసముంది. దండిగా ఉంది. కానీ పైన గట్టిగా ఉంది. నేను తీసుకోవాల్సింది రాలుతున్న రంగు, కిటికీ గట్టు మీది దుమ్ము. అవి కళ్ళతో చూస్తేనే రాయగలను. ఈ గట్ల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు."

"తింటున్నారు కూడా," అన్నాను.

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వడానికి అనలేదు.

"మళ్ళీ రాలడం మొదలయ్యాక పిలవమంటారా?" అన్నాను. "దానికి రెండు చలికాలాలు పడుతుంది. ఈలోగా పిల్ల ఎక్కడ పెరగాలి?"

"నాన్నా, ఆగు." నేలియా గొంతు చాలా మెల్లగా ఉంది. "ముందు గదిలో ఇంకొకటి ఉంది. పీఠం అడ్డమై దానికి లోపలివైపు వెయ్యలేదు."

కిందికి దిగాం. అమ్మ పీఠం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, మంచి నల్ల గౌనులో, అతిథి ముందు కూర్చున్నట్టు. బూషే సాటిన్ గుడ్డ అంచు కొంచెం ఎత్తి చూసింది. వెనక చీకటిగా ఉంది, చెయ్యి పట్టే సందు కూడా లేదు.

"ఇది జరపాలి," అంది.

"ఆదివారం దాకా కదపకూడదు," అన్నాను. "సోమవారం రాగలరా?"

"ఈ విడత డబ్బుకు ఇదే ఆఖరి వారం. సోమవారం వస్తే వచ్చే ఏడాది జాబితాలో పడతారు. అప్పుడైనా నా చేతిలో ఏమీ ఉండదు." కిరీటం వైపు చూసి గొంతు తగ్గించింది. "నన్ను క్షమించండి. నాకూ నానమ్మ ఉండేది."

అమ్మకు ఇంగ్లీషు సరిగా రాదు. మా మొహాలు చూస్తూ కూర్చుంది.

"ఏమంటోంది?"

నేలియా కళ్ళు పీఠం మీదికి పోయాయి.  

"ఆమెకి రంగూడిన కిటికీ కావాలి, అంతేనా?" అంది అమ్మ.

"అవును, నానమ్మా."

"అది దీని వెనకుంది."

"అవును."

అమ్మ లేచింది. వంటింట్లోకెళ్ళి చేతులు కడుక్కుని, కొత్త తువ్వాలుతో తుడుచుకుని వచ్చింది. పీఠం ముందు వంగి కిరీటాన్ని ముద్దు పెట్టుకుని రెండు చేతులతో ఎత్తింది. మళ్ళీ కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. పావురం వంగిపోకుండా పైన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"తియ్యిరా," అంది నాతో. "పూలు నలపకు."

పూలు తీశాను, గుడ్డ మడిచాను, బీరు పెట్టెలు ఒకటొకటిగా దించాను. వెనకనుంచి కిటికీ బయటపడింది. రంగు చేప పొలుసుల్లా లేచి ఉంది. గట్టు మీద బూడిదలాంటి పొడి, అందులో చచ్చిన ఈగలు. కింద పాప పళ్ళ గాట్లు. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

"రేపు తుడుద్దామనుకున్నానని ఆమెకి చెప్పు," అంది. "మోకాళ్ళు సహకరించలేదని చెప్పు."

నేలియా చెప్పింది. బూషే అప్పటికే మోకాళ్ళ మీదుంది, తడి గుడ్డతో గట్టు తుడిచి ఆ గుడ్డను గొట్టంలో పెడుతోంది.

"తుడవనందుకు చాలా సంతోషమని చెప్పండి," అంది.

నేలియా అది కూడా చెప్పింది. అమ్మ ఆ మాటను చాలాసేపు నమిలింది. పాప తల్లి చంకలోంచి జారి దిగి, కుర్చీ దగ్గరికెళ్ళి, వెండి పావురం మీద వేలు పెట్టింది. అమ్మ ఆ చిన్న చేతిని పట్టుకుని తన గౌనుకు రుద్ది శుభ్రం చేసి, మళ్ళీ పావురం మీద పెట్టనిచ్చింది.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తోసుకుని పక్కింటి జుల్మీరా వచ్చింది, దాల్చినచెక్క చల్లిన పాయసం పళ్ళెంతో. సాయంత్రానికి తెచ్చింది. గది మధ్యలో బీరు పెట్టెలు, నేల మీద పరాయి మనిషి, ఒళ్ళో కిరీటంతో అమ్మ. జుల్మీరా నోరు తెరిచి, మూసి, పళ్ళేన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఏం వదినా, కొత్త పద్ధతా?"

"మూత పెట్టి పో, వదినా," అంది అమ్మ. "దుమ్ము పడుతుంది."

మధ్యాహ్నానికి పీఠం మళ్ళీ కట్టాను. మధ్యాహ్నానికే వీధంతా తెలిసింది కూడా. ఆ సాయంత్రం సగానికి సగం కుర్చీలు ఖాళీ. తీపి రొట్టెలు కోసినవి కోసినట్టే ఎండిపోయాయి. వచ్చినవాళ్ళు కూడా చర్చిలో ఆలస్యంగా వచ్చినవాళ్ళలా వెనక వరసలోనే కూర్చున్నారు. ఎర్మీనియో వచ్చాడు. సంఘం పెద్ద కదా, రాక తప్పదు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నిలవలేదంటున్నారు, వదినా."

"ఎక్కడ?"

"మీ ఇంట్లో."

"నా ఒళ్ళో నిలిచింది," అంది అమ్మ. "జపమాల నువ్వు మొదలుపెడతావా, నేను మొదలుపెట్టనా?"

ఎర్మీనియో మోకరించాడు. వెనకనుంచి ఎవరో గొణిగారు, వచ్చే ఏడాది కిరీటాన్ని పెరట్లో పెట్టుకోమని. జుల్మీరా గొంతే. అమ్మకు వినబడింది. అమ్మ చెవులు ఈ వయసులోనూ పనిచేస్తాయి, అదే ఆమె దురదృష్టం. ఆదివారం కిరీటాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు బ్యాండు మేళం మా వీధి మలుపు దగ్గరే ఆగింది, గేటు దాకా రాలేదు. దారి ఇరుకని చెప్పారు. వచ్చినప్పుడు ఇరుకు కాలేదు.

పెంతెకోస్తు వెళ్ళిపోయాక మంజూరైందని కబురు వచ్చింది. నేలియా ఫోన్ పెట్టేసి కాసేపు మెట్ల మీద కూర్చుంది. నేను సంబరపడలేదు. ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు, పని అయ్యేదాకా. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సంచుల్లాంటి బట్టలు తొడుక్కున్న మనుషులు వచ్చి మా కిటికీలను పీకి, శవాల్ని చుట్టినట్టు ప్లాస్టిక్‌లో చుట్టి లారీలోకి ఎక్కించారు. ఎర్మీనియో వేసిన తెల్ల రంగంతా వాటితోనే పోయింది. జుల్మీరా తన వరండాలోంచి చూస్తూ నిలబడింది. ఆమె మనవడికీ మూడేళ్ళే. ఆమె కిటికీలూ మా నాన్న కాలంనాటివే. మేం ఇల్లు వదిలి పోయేటప్పుడు నన్ను పిలిచి, ఆ ఆఫీసు ఎక్కడుంటుందని అడిగింది, వేరే ఎవరికోసమో అడిగినట్టు. చెప్పాను. చెప్పకపోతే ఏమయ్యేదని ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను. కానీ చెప్పాను.

హైవే పక్కన ఒక లాడ్జిలో మమ్మల్ని పెట్టారు. పక్కపక్కనే రెండు గదులు, తివాచీలో పాత సిగరెట్ల వాసన. అమ్మ ఆ ఊరు దాటి పడుకోవడం ఈ దేశం వచ్చాక అదే మొదలు. మంచం అంచున సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బస్సు కోసం కూర్చున్నట్టు. నేలియా ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. కాఫీ కావాలా, మాత్ర వేసుకున్నావా, అంతే. పాపను రోజూ బ్రెజిలమ్మ దగ్గరే వదులుతోంది, దూరమైనా.

మళ్ళీ రక్తం తీశారు. ఈసారి నర్సు నేలియాకే చెప్పింది, నేలియా అప్పటికప్పుడే మాకు చెప్పింది. కొంచెం తగ్గింది. మెల్లగానే తగ్గుతుందట. ఎముకల్లోకి పోయింది చాలాకాలం ఉంటుందట. మాటల సంగతి ఎవరూ ఏమీ చెప్పలేరట, చూడాలట.

"తగ్గిందంటే..." అంది అమ్మ.

"తగ్గింది, నానమ్మా. అంతే తెలుసు."

అమ్మ తల ఊపింది. 

మర్నాడు పొద్దున నేలియా డ్యూటీ బట్టలేసుకుని మా గది తలుపు కొట్టింది. పాప చంకలో నిద్రమొహంతో ఉంది. నేలియా నావైపు చూడలేదు. నేరుగా అమ్మ మంచం దగ్గరికెళ్ళి పాపను దుప్పటి మీద దించింది.

"సాయంత్రం ఆరింటికి వస్తాను. పాలు ఈ సీసాలో ఉన్నాయి."

అమ్మ పాప వైపు చూసింది, తరవాత లేచి మెల్లగా గది అవతలి గోడ దాకా నడిచి, అక్కడి కిటికీ చట్టాన్ని పట్టుకుని పైకి లాగి చూసింది. పక్కకు లాగి చూసింది. అది రంగులేని ఇనుపది, గోడలో బిగించేసి ఉంది.

"ఈ కిటికీ తెరుచుకోదే," అంది.

"తెరుచుకోకపోతేనేం, నానమ్మా," అంది నేలియా, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ. "పిల్లని చూస్తూ ఉండు. నాకు బస్సు తప్పిపోతుంది."